అత్త తిట్టని రోజులు

మా అత్త నన్ను ప్రేమగా పలకరిస్తే నాకు ఒళ్ళు చల్లబడుతుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. అత్త మంచీ వేము తీపూ లేవని పెద్దవాళ్ళు ఏనాడో అన్నారు కాబట్టి, నాది అందరు కోడళ్ళకీ ఉండే బాధే అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. నాది అది కాదు. ఆవిడ మెత్తగా మాట్లాడిన ఆ కొద్ది వారాల్లో మేం ఆవిణ్ణి దాదాపు పోగొట్టుకున్నాం. అప్పట్నుంచి ఆ నోట మంచిమాట వినపడితే చాలు, మూతి ఒక పక్కకి లాగుతోందా, రెండు చేతులూ సమానంగా లేస్తున్నాయా అని చూస్తాను. ఆ తర్వాతే జవాబు చెప్తాను.

మా పుట్టిల్లు గుడివాడ పక్కన పల్లె. మా నాన్న చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. బొచ్చె, శీలావతి తిని పెరిగాను. పెళ్ళయి బందరు వచ్చాను. మచిలీపట్నం అనే పేరు బస్సు బోర్డు మీద ఉంటుంది, మా నోళ్ళలో ఎప్పుడూ బందరే. మా ఆయన గిలకలదిండి రేవు నుంచి మరబోటు మీద వేటకి వెళ్తాడు. వెళ్తే వారం పది రోజులు మనిషి కనపడడు, ఫోనూ కలవదు. మామగారు నేను కాపురానికి రాకముందే పోయాడు. కాబట్టి ఆ ఇంట్లో ఎప్పుడూ మిగిలేది నేనూ మా అత్తా.

మా అత్త దివిసీమలో, నదికీ సముద్రానికీ మధ్య ఉన్న దీవుల్లో పుట్టింది. ఎండుచేపల వ్యాపారం ఆవిడది. పుట్టింటివైపు పడవ దాటి వెళ్ళి మెత్తళ్ళూ సావడాయలూ తెచ్చేది. మెత్తళ్ళంటే చిటికెన వేలంత చేపలు, సావడాయలు రిబ్బన్లలా పొడుగ్గా ఉంటాయి. వాటిని మా వాకిట్లో చాపల మీద పోసి మళ్ళీ ఓ ఎండ తగలనిచ్చి, ఏరి, గంపకెత్తి, గుడివాడ తీసుకెళ్ళి అమ్మేది. బేరం ఆడేవాళ్ళని ఆవిడ తిట్టే తిట్లకి మార్కెట్లో పేరుంది. తిట్టించుకుని కూడా ఆవిడ దగ్గరే కొనేవాళ్ళు, ఎందుకంటే ఆ గంపలో ఇసక ఉండదు.

నన్ను తిట్టడానికి ఆవిడకి కారణం అక్కర్లేదు. కత్తిపీట ముందు కూర్చుంటే కూర్చున్న తీరు బాగాలేదనేది. పులుసు పెడితే చింతపండు ఎక్కువైందనేది, తగ్గిస్తే పిసినారి పుటక అనేది. అన్నిటికీ చివర ఒకటే మాట ఉండేది. "చెరువుచేప తిని పెరిగినదానివి, నీకు సముద్రం రుచేం తెలుసుద్దే." నేనూ నోరులేనిదాన్ని కాదు. గుడివాడ వెళ్ళి అమ్ముకునేది మా చెరువుచేప తినేవాళ్ళకే కదా అత్తా అని అంటించేదాన్ని. పొద్దున లేచినప్పటి నుంచి మా ఇంట్లో ఈ రభస ఉండాల్సిందే. పక్కింటివాళ్ళు అది విని టైము చెప్పుకునేవాళ్ళు.

ఏటా మాఘ పౌర్ణమికి ఆవిడ హంసలదీవి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసేచోట మునిగి వస్తుంది. ఆ ఏడూ మా వీధి ఆడవాళ్ళతో కలిసి ఆటో కట్టించుకుని వెళ్ళింది. వచ్చేటప్పటికి ఒళ్ళు వెచ్చబడింది. తడి బట్టలతో గాలికి కూర్చుంటే రాదా అనుకున్నాం. వీధి చివర ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలకి జ్వరం తగ్గింది గానీ తలనొప్పి మిగిలిపోయింది. తలకి గుడ్డ బిగించి కట్టుకుని తన పని తను చేసుకునేది. నీళ్ళు తలకెక్కాయి, అవే దిగుతాయి అన్నారు అందరూ.

ఆ తర్వాత తిట్లు ఆగిపోయాయి.

ఒక్కసారిగా ఆగలేదు. ముందు పక్కింటివాళ్ళతో గొడవలు పోయాయి. తర్వాత మా ఆయన మీద విసుక్కోవడం పోయింది. చివరికి నా వంతు కూడా అయిపోయింది. పులుసు నేను ఎలా పెడితే అలా తింది. ఉప్పు వెయ్యడం మరిచిపోయిన రోజు కూడా తింది. వీధిలో ఆడవాళ్ళకి ఇది పండగలా ఉంది. సాగరసంగమంలో ఎన్ని ఏళ్ళు మునిగినా కరగని పాపం ఈసారి నాలిక మీద నుంచి కరిగిందన్నారు. ఒకావిడైతే వచ్చే ఏడు వాళ్ళత్తని ఆటో ఖర్చు పెట్టుకుని మరీ పంపిస్తానంది. మా ఆయన కూడా సంతోషపడ్డాడు. అమ్మకి ఇప్పటికి వయసొచ్చింది అని నవ్వాడు. రెండు పూటలా ప్రశాంతంగా అన్నం తిని వేటకి వెళ్ళాడు.

నాకు మాత్రం భయం పట్టుకుంది. అది పట్టుకున్న పూట నాకు బాగా గుర్తుంది. వాకిట్లో మెత్తళ్ళు ఆరబోసి ఉన్నాయి, ఆవిడ కర్ర పక్కన పెట్టుకుని కాపలా కూర్చుంది. కాకి వచ్చి చాప మీద వాలింది. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆవిడ కర్ర ఎత్తుతుంది, కాకి అమ్మని కూడా కలిపి తిడుతుంది, అది మామూలు. ఆవిడ కాకిని చూసి "పాపం, తిననీ" అంది. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. చాప నల్లబడింది. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరింటికో పేరంటానికి వచ్చినదానిలా కూర్చుని చూస్తూ ఉంది. నేనే పరిగెత్తి తోలాను.

ఎవరికి చెప్పుకోను? మా అత్త మంచిదైపోయింది, నాకు భయంగా ఉంది అంటే ఎవరు వింటారు? మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అప్పుడు తిడుతోందని ఏడ్చావు, ఇప్పుడు తిట్టట్లేదని ఏడుస్తావా, నీకేం మాయరోగమే అంది. అదీ నిజమే అనిపించి ఊరుకున్నాను. కానీ ఇంట్లో ఆవిడతో ఒక్కదాన్నే ఉండాలంటే ఎవరో తెలియని మనిషితో ఉన్నట్టుండేది. గిన్నె చప్పుడైతే ఉలిక్కిపడేది. బోరింగు కొడుతుంటే ఆ నీళ్ళ చప్పుడుకి గోడవారకి జరిగేది. సముద్రం పక్కన పుట్టిన మనిషి బకెట్‌లో నీళ్ళకి బెదిరిందంటే ఏమనుకోవాలి?

ఓ రోజు మధ్యాహ్నం రేషన్ తీసుకుని ఎండలో ఇంటికొచ్చాను. ఆవిడ మంచం మీద నుంచి లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. "రండమ్మా, కూర్చోండి. ఎండన పడి వచ్చారు. మా కోడలు బజారుకెళ్ళింది, వచ్చేస్తది" అంది.

సంచి నా చేతిలోంచి జారిపోయింది. అత్తా, నేనే అన్నాను. ఆవిడ నన్ను పరీక్షగా చూసి, కాసేపటికి నవ్వింది. ఎండకి కళ్ళు చీకట్లు కమ్మాయిలే అంది. నేను బియ్యం ఎత్తుతూ ఎత్తుతూ ఏడ్చాను. ఆ కొద్దిరోజులుగా ఆవిడ నాతో అంత మర్యాదగా ఎందుకు ఉంటోందో నాకప్పుడు అర్థమైంది. పరాయివాళ్ళతో మా అత్త ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది. తిట్టేది తనవాళ్ళనే.

అప్పటికి మా ఆయన ఒడ్డుకి వచ్చి ఉన్నాడు. చెప్తే, కళ్ళు కనపడక అనుంటుంది, బందరులో కళ్ళ డాక్టరుకి చూపిద్దాం అన్నాడు. పెద్దాసుపత్రిలో చూపించాం. షుగరు లేదు, బీపీ కాస్త ఎక్కువుంది, వయసు మీద పడ్డాక మతిమరుపు మామూలే అని బలం మాత్రలు రాశారు. మా ఆయన మళ్ళీ వేటకి వెళ్ళిపోయాడు. వ్యాపారానికి వెళ్ళొద్దని నేను అత్త కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వినే రకమైతే కదా. ఆ ఒక్క విషయంలో పాత మనిషి మిగిలి ఉంది. గంపెత్తుకుని గుడివాడ బస్సెక్కింది.

ఆ పగలే గుడివాడ నుంచి ఫోన్ వచ్చింది. మార్కెట్ దగ్గర గాజుల కొట్టు సాయిబు గారు. ఏళ్ళ తరబడి మా అత్త దగ్గరే మెత్తళ్ళు కొంటారు, వాళ్ళిద్దరి బేరం చూడ్డానికి పక్క కొట్లవాళ్ళు కూడా వచ్చేవాళ్ళట. ఆయన కంగారు పడకుండా నెమ్మదిగా చెప్పారు.

"అమ్మా, మీ అత్తగారు ఇవాళ నన్ను తిట్టలేదండి. సగం ధరకి అడిగినా సరే బాబూ అన్నారు. నాకెందుకో బాగా లేదనిపించి కొట్లో కూర్చోబెట్టాను. మీరు రండి."

బస్సు పెడనలో ఆగింది, గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు ఎక్కారు, దిగారు. వాళ్ళు నవ్వుకుంటుంటే నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది. ప్రపంచంలో మా అత్త తిట్టలేదని భయపడిన మనిషి నేనుకాక ఇంకొకరున్నారు, అదొక్కటే ఆ దారంతా నాకు ధైర్యం. ఆ మనిషే భయపడ్డాడంటే నా భయం నిజమే కదా అని మళ్ళీ దిగులు.

వెళ్ళేసరికి గాజుల పెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. గుప్పెట్లో నాలుగు మెత్తళ్ళున్నాయి. నన్ను చూసి గుప్పెట విప్పింది. "ఇయ్యేంటమ్మా?" అని అడిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆవిడ చేతుల్లో ఆడిన చేపలు అవి. పేరు కోసం పెదాలు కదిలాయి, రాలేదు. నా చీర కొంగు పట్టుకుంది. కుడిచేతి పట్టు వదులుగా ఉంది, జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. "నన్ను ఇక్కడ వదిలెయ్యకండి" అంది. ఆ 'అండి' విని సాయిబు గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. వాళ్ళ మేనల్లుడి కారు పిలిపించి, బందరు వెళ్ళొద్దు, నేరుగా బెజవాడ వెళ్ళండి అన్నారు.

బెజవాడలో ఒక పెద్ద ఆసుపత్రికి చేరాం. ముందు చూసిన కుర్ర డాక్టరు ఆవిడ ఇదివరకు ఎలా ఉండేది అని అడిగాడు. అందర్నీ తిట్టేదండి అన్నాను. నవ్వాడు. వెనకాల నుంచి నరాల డాక్టరు, యాభై దాటిన ఆవిడ, వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆవిడ నవ్వలేదు.

"తిట్టడం ఎప్పట్నుంచి మానేశారమ్మా?" అని అడిగింది.

మందు ఇంకా మొదలు కాకపోయినా నాకు సగం బరువు దిగినట్టయింది. మాఘ పౌర్ణమి నుంచి మొదలుపెట్టి కాకులదాకా, కాకుల నుంచి గాజుల కొట్టుదాకా అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. ఆ తర్వాత స్కానింగులు, రక్తపరీక్షలు, వెన్నులోంచి నీరు తియ్యడం. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, తలలోకి రంగు ఎక్కించి ఒక సినిమా తీశారు. అది నాకు తెర మీద చూపించారు. మెదడులో రక్తనాళాలు సాఫీగా లేవు, ఒకచోట సన్నం, ఒకచోట లావు. మా అత్త మెళ్ళో ఉండే చిలకలపూడి గుళ్ళ గొలుసులా ఉన్నాయి.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. రక్తనాళాలంటే ఊరికే రక్తం పారే గొట్టాలు అనుకుంటాం, మెదడులో అలా కాదట. అక్కడ వాటి గోడలకి చాలా పనుంది. రక్తంలో ఉన్నదాన్నల్లా లోపలికి వదలవు, మెదడుకి కావలసినవి ఎంచి పంపిస్తాయి. రోగాలతో పోరాడే తెల్లకణాలు ఆ గోడల అంచున తిరుగుతుంటాయి గానీ మామూలప్పుడు గుంపుగా లోపలికి జొరబడవు. ఒంట్లో ఎక్కడ రోగం చొరబడినా ఆ కబురు మెదడుకి చేరే దారుల్లో ఆ గోడలు కూడా ఒకటి. జ్వరమొస్తే తిండి సయించకపోవడం, మనుషులు గిట్టకపోవడం, దుప్పటి కప్పుకుని ముడుచుకోవడం, ఇవన్నీ ఆ కబురు విని మెదడు ఒంటిని పడుకోబెట్టే ఉపాయాలట. నేను ఇన్నాళ్ళూ అది నీరసం అనుకున్నాను.

మా అత్తకి ఆ కాపలా కణాలే గోడల మీద పడ్డాయి. గోడలు వాచాయి. వాచినచోట దారి ఇరుకై, ఆ వెనకున్న మెదడుకి రక్తం చాలట్లేదు. మాటలు ఉండే చోట చాలకపోతే మాటలు పోతాయి, మనిషి తీరు ఉండే చోట చాలకపోతే మనిషే మారిపోతుంది. ఎందుకు పడ్డాయి అంటే ఖాయంగా చెప్పలేమంది. సంగమంలో మునగడం వల్లా అంటే, దానికీ దీనికీ సంబంధం ఉందనడానికి ఆధారమేమీ లేదు, అంతకుముందే మొదలై ఉండొచ్చు అంది.

కంచే చేను మేసిందన్నమాట. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. చెరువు గట్టు మీద టార్చి వేసుకుని తిరుగుతూ, నీరుకుక్కలు రాకుండా, పిట్టలు వాలకుండా చూసేవాడు. ఆ కాపలావాడే గట్టు తవ్వితే ఎవరికి తెలుస్తుంది? నీళ్ళు చప్పుడు చెయ్యకుండా పోతాయి. చూసేవాళ్ళకి చెరువు ప్రశాంతంగానే ఉంటుంది.

"అయితే ఆ మంచితనం?" అని అడిగాను.

"అది మంచితనం కాదమ్మా. పోట్లాడే ఓపిక మెదడుకి లేకపోవడం" అంది.

మందుంది, కానీ దాంతో చిక్కుంది. ఆ మందు ఒంట్లో కాపలాని మొత్తంగా అణిచేస్తుంది. ఎక్కడైనా క్షయలాంటిది దాగి ఉంటే, అడ్డు లేక రేగిపోతుంది. కొన్ని పరీక్షల జవాబులు ఇంకా రావాలి. వాటి కోసం ఆగితే, ఈలోపు ఇరుకైన దారి ఒకటి పూర్తిగా మూసుకుపోతే, కుడి చెయ్యీ మాటా శాశ్వతంగా పోవచ్చు. ఆగడం కంటే మొదలుపెట్టడమే మేలని తనకి అనిపిస్తోంది గానీ ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి అంది. ఇంట్లోవాళ్ళంటే నేనే. మా ఆయన ఫోన్ అందుబాటులో లేదనే మాట తప్ప ఇంకేం వినపడట్లేదు. నేను ఊ అంటే ఏమవుతుందో తెలీదు, ఊహూ అంటే ఏమవుతుందో తెలీదు.

కబురు తెలిసి దివిసీమ నుంచి మా అత్త తమ్ముడు వచ్చాడు. నేను మావయ్యా అని పిలుస్తాను. వల విషయంలో తగువుపడి అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. ఆవిడ సరుకు కోసం ఆ దీవికి వెళ్ళి కూడా ఆ గుమ్మం తొక్కేది కాదు. ఆయన వ్యాను మాట్లాడుకుని మరీ వచ్చాడు, అక్కని తీసుకుపోతానని. నీళ్ళలో తగులుకున్నది నీళ్ళలోనే వదలాలి, సంగమానికి తీసుకెళ్ళి మొక్కు తీరుస్తాం, వెన్నులో సూదులు పొడిచి మనిషిని మూల కూర్చోబెడతారా అని నా మీద కేకలేశాడు. ఆ కేకల్లో మా అత్త గొంతు ఉంది. నాకు కోపం రాలేదు.

డాక్టరమ్మ ఆయనకి కూడా తెర మీద బొమ్మ చూపించి, నాకు చెప్పినదంతా ఓపికగా మళ్ళీ చెప్పింది. ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. తర్వాత అడిగాడు.

"మొన్న మా అక్క ఫోన్ చేసింది డాక్టరమ్మా. ఇన్నేళ్ళకి. తమ్ముడూ, తిన్నావా అంది. ఆ మాట కూడా జబ్బేనా?"

"అది నాకు తెలీదండి. నాకు తెలిసింది ఈ నాళాల సంగతి వరకే" అంది.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి నా దగ్గరకొచ్చి, నువ్వెట్టా అంటే అట్టా కానీ అమ్మాయ్, ఇంట్లో దానితో ఉండేది నువ్వే అన్నాడు. నేను సంతకం పెట్టాను. నా చేతిరాత నేనే గుర్తుపట్టేలా లేదు.

సెలైన్‌లో కలిపి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో నేను పడ్డ భయం ఇంకెప్పుడూ పడలేదు. ఆవిడ దగ్గితే క్షయ అనుకునేదాన్ని. నిద్రపోతే లేవదేమో అనుకునేదాన్ని. నర్సు వచ్చి చెయ్యెత్తమంటే ఎడమ చెయ్యి లేచేది, కుడిచెయ్యి సగంలో ఆగి పడిపోయేది. అది పడినప్పుడల్లా నేను పెట్టిన సంతకం కళ్ళముందు కనపడేది. ఆవిడ మాత్రం అందరికీ దణ్ణాలు పెడుతూ, ఇడ్లీ పెట్టినా సూది పొడిచినా మీ పుణ్యం బాబూ అంటూ ఉండేది. వార్డులో అందరూ ఎంత మంచి పెద్దావిడో అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరవాలనిపించేది. మా ఆయన బోటు ఒడ్డుకి చేరగానే పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళమ్మ మీరెవరు బాబూ అని అడిగితే, ఆరడుగుల మనిషి వరండాలో నేల మీద కూలబడ్డాడు.

మార్పు వచ్చిన రోజు నేను మంచం పక్కన స్టూలు మీద కునికిపాట్లు పడుతున్నాను. తల స్నానం చేసి ఎన్నాళ్ళయిందో కూడా తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ నన్నే చూస్తోంది. చూపు గుచ్చుకుంటోంది. ఆ చూపు నాకు తెలుసు.

"ఆ జుట్టేంటే, పీనుగు లేచిన ఇంట్లో కూర్చున్నట్టు" అంది. "ముడేసుకో."

మాట ముద్దగానే వచ్చింది. కానీ వచ్చింది. నేను జుట్టు ముడేసుకుంటూ ఏడుస్తుంటే, ఇప్పుడెవరు చచ్చారని అంది. వరండాలో ఉన్న మావయ్య అది విని లోపలికొచ్చాడు. ఆవిడ ఆయన్ని చూసి మొహం తిప్పుకుంది. ఆయన మొహంలో సంతోషమూ దిగులూ రెండూ ఒకేసారి చూశాను. అక్క తిరిగొచ్చింది, తగువూ తిరిగొచ్చింది. ఆ పూటే వ్యానెక్కి దీవికి వెళ్ళిపోయాడు.

దాగి ఉన్న రోగమేదీ లేదని మిగతా జవాబులు వచ్చాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది, మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదని, నెలకోసారి వచ్చి మందు ఎక్కించుకోవాలని, జబ్బు అణిగింది గానీ మళ్ళీ రేగదని చెప్పలేమని. తలనొప్పి వచ్చినా, చెయ్యి పట్టు తప్పినా, మనిషి తీరులో మార్పు కనపడినా వెంటనే తీసుకురావాలంది. మార్పు అంటే ఆవిడ మంచిగా ఉంటేనా అని అడిగాను. డాక్టరమ్మ అప్పుడు కూడా నవ్వలేదు. అంతేనమ్మా అంది.

అలా నాకు ఈ కాపలా ఉద్యోగం పడింది. మా నాన్నది గట్టు మీద, నాది గుమ్మంలో. మాత్రలకి మా అత్త మొహం గుండ్రంగా ఉబ్బింది. వీధిలో వాళ్ళు ఒళ్ళు చేశావు వదినా అంటే వాళ్ళకి తగిన జవాబే వచ్చింది. కుడిచేతి పట్టు పూర్తిగా రాలేదు కాబట్టి గంప మానేసింది. గుడివాడకి ఇప్పుడు నేను వెళ్తున్నాను. సాయిబు గారు మీ అత్తగారు తిడుతున్నారా అమ్మా అని అడుగుతారు. బాగానే తిడుతున్నారండి అంటాను. అల్లా దయ అంటారు. అటువంటి క్షేమసమాచారం ఇంకెవరూ అడగరు.

కానీ భయం మాత్రం నన్ను వదల్లేదు. జలుబు చేస్తే భయం, వాన కురిసి ఆవిడ తడిస్తే భయం. అన్నిటికంటే ఎక్కువ, ఆవిడ పల్లెత్తు మాట అనకుండా ఒక పూట గడిస్తే భయం. కావాలని ఉప్పెక్కువ వేసి చూసిన రోజులున్నాయి. తిడితే హాయిగా తినేదాన్ని.

ఈ మధ్య ఓ మధ్యాహ్నం సావడాయ ఇగురు పెట్టాను. ఆవిడకి ముందు వడ్డించి, నేను స్టవ్ తుడుస్తున్నాను. వెనక నుంచి "నువ్వూ తినమ్మా, పొద్దుట్నుంచి చేస్తానే ఉన్నావు" అని వినపడింది.

నేను గుడ్డ కింద పడేసి వచ్చాను. ఆవిడ ముందు కూర్చుని, అత్తా, కుడిచెయ్యి పైకెత్తు అన్నాను. ఎత్తింది. నా పేరేంటో చెప్పు అన్నాను. ఇదేంటో చెప్పు అని కంచంలో ముక్క చూపించాను. థర్మామీటర్ కోసం అలమర వైపు లేచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వదులు పట్టే, కానీ విడిపించుకోలేకపోయాను.

"సావడాయ. నువ్వు నా కోడలివి. నాకు జొరం లేదు" అంది. "మంచిగా ఒక మాట అనే రాత కూడా లేకుండా పోయిందే నాకు. తమ్ముడితో అన్నదీ ఇట్టాగే అయ్యింది" అంది.

ఆ ఫోన్ మాట గురించి ఆవిడకి మేమెవ్వరం చెప్పలేదు. జబ్బులో చేసింది కదా, గుర్తుండదనుకున్నాం. నీకు గుర్తుందా అత్తా అని అడిగాను. ఎందుకు గుర్తుండదు, ఎప్పట్నుంచో అనాలనుకున్నదేగా అంది. ఏళ్ళ తరబడి నోటిదాకా వచ్చి ఆగిన మాట, ఆపే ఓపిక పోయిన రోజున బయటపడింది. మావయ్యకి ఆ సంగతి చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపింది.

"మళ్ళీ ఫోన్ చేసి తిన్నావా అన్నాననుకో, వ్యానేసుకుని వచ్చేస్తాడు, నాకు మళ్ళీ వచ్చిందని. నువ్వెట్టా లేచావో చూశాగా ఇప్పుడు."

ఆవిడ నా చెయ్యి వదిలింది. నేనూ కంచంలో అన్నం పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ తన కంచంలో పెద్ద ముక్క ఎంచి, ముల్లు తీసి, వణికే వేళ్ళతోనే నా కంచంలోకి తోసింది. నేను ముద్ద కలుపుకున్నాను గానీ నోట్లో పెట్టుకోలేదు. ఆవిడ మొహమే చూస్తున్నాను. ఆవిడకి తెలుసు నేనేం వెతుకుతున్నానో.

"తినవే, చెరువుచేప మొహమా" అంది మెల్లగా.

నన్ను తిట్టడానికి అనలేదు ఆ మాట. నా భయం తగ్గడానికి అంది. నేను తిన్నాను.